మినీ ట్రాక్టర్‌కి బురదలో పట్టు ఇచ్చే టైర్లు ఎలా ఎంచుకోవాలి

జూన్‌లో నాలుగు వానలు పడ్డాయంటే చాలు, నాకు ఒకటే ప్రశ్న. ‘మినీ ట్రాక్టర్ బురదలో దిగబడిపోతోంది, ఏ టైర్లు వెయ్యమంటారు?’ పద్మనాభం నుంచి అడుగుతారు, ఆనందపురం నుంచి అడుగుతారు, సబ్బవరం దాటాక చోడవరం వైపు చెరకు రైతులూ అడుగుతారు. ఈమధ్య దీనికి ఇంకో ప్రశ్న తోడైంది. ఫోన్లో అమెరికా, కెనడా వీడియోలు చూసి, అక్కడ మంచులో తిరిగే టైర్లు తెప్పించుకుంటే మన దమ్ములో, అంటే నాట్లకి ముందు నీళ్లు పెట్టి మడిని బురద చేసే పనిలో, పనికొస్తాయా అని. వాటి సంగతి కింద విడిగా రాశాను.

అడిగిన ప్రతివాళ్లకీ నేను ముందు ఒక మాట చెబుతాను. టైరు పేరు అడగకండి, ముందు మీ పొలంలో బురద ఎంత లోతుందో చూసి చెప్పండి అని. గోస్తనీ పక్క పల్లంలో ఉన్న బురద వేరు, మెరకగా ఉండే గరువు మీద వాన పడ్డాక జారే ఎర్రమట్టి వేరు. ఒకచోట అద్భుతంగా నడిచిన టైరు రెండో చోట డబ్బు దండగ.

ఇది 15 నుంచి 30 హార్స్‌పవర్ మధ్య ఉండే చిన్న ట్రాక్టర్ల కోసం రాశాను. పెద్ద బండ్లకీ చాలావరకు ఇదే వర్తిస్తుంది, కొలతలు మాత్రం మారతాయి.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- నాలుగడుగుల ఇనుప చువ్వ లేదా గునపం
- కొలత టేపు, సుద్దముక్క, చిన్న స్కేలు
- తక్కువ గాలిని సరిగ్గా చూపించే ప్రెషర్ గేజ్. లారీలకి వాడే గేజ్‌లో 12, 14 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) తేడా తెలియదు. ట్రాక్టర్‌కి ఆ రెండు పాయింట్లే ముఖ్యం.
- ట్రాక్టర్‌తో ఇచ్చిన మాన్యువల్. పోయి ఉంటే షోరూంలో అడిగి టైర్ల పేజీ ఫోటో తీసుకోండి.
- ఒక పుస్తకం, పెన్ను. నోటి లెక్కలు షాపుకి వెళ్లేసరికి మర్చిపోతాం.

1. ముందు బురదని కొలవండి

వాన పడి రెండు రోజులైన పొలంలోకి, లేదా దమ్ముకి నీళ్లు పెట్టిన మడిలోకి దిగండి. గట్టు పక్కన కాకుండా మడి మధ్యలో, కనీసం పదిచోట్ల చువ్వ గుచ్చండి. ఒంటి బరువంతా వెయ్యక్కర్లేదు, చేతి బలంతో ఎంత దిగితే అంత. చువ్వ గట్టిగా ఆగినచోట గుర్తు పెట్టి లోతు రాసుకోండి.

ఏళ్ల తరబడి వరి వేసిన మడుల్లో, పై బురద కింద ఒక గట్టి పొర ఉంటుంది. ఏటేటా దమ్ము చెయ్యడం వల్ల, నాగలి అదే లోతులో నడవడం వల్ల ఆ పొర ఏర్పడుతుంది. మీ టైరు పట్టుకోవాల్సింది ఆ పొరని. పైనున్న మెత్తటి బురదని ఏ టైరూ పట్టుకోలేదు, దాన్ని తోసుకుని కిందకి వెళ్లాలంతే.

చువ్వ 6 అంగుళాల లోపు ఆగితే మామూలు వ్యవసాయ టైరు చాలు. 6 నుంచి 10 అంగుళాల మధ్య ఆగితే లోతైన లగ్గుల (టైరు మీద లేచి ఉండే రబ్బరు దిమ్మెల) టైరు గానీ, ఉన్న టైరుకి తోడు కేజ్ వీల్స్ (టైరు పక్కన బిగించే ఇనుప పట్టీల చక్రాలు) గానీ కావాలి. అంతకన్నా లోపలికి దిగిపోతూ ఉంటే ఒకసారి ట్రాక్టర్ కింద కొలవండి. నేలకీ, గేర్‌బాక్సు అడుగుకీ మధ్య ఎంత ఖాళీ ఉంది? చిన్న ట్రాక్టర్లలో అది ఒక అడుగు దాకా ఉంటే గొప్ప. బురద లోతు ఆ ఖాళీకి దగ్గరగా వచ్చిందంటే, టైరు ఏదైనా సరే, బండి పొట్ట నేలకి ఆనుకుని చక్రాలు ఊరికే తిరుగుతాయి. అలాంటి మడికి పవర్ టిల్లర్‌ని పిలిపించుకోవడమే మంచిది. దానికోసం టైర్లు మార్చకండి.

గరువు నేలలో పరీక్ష వేరు. అక్కడ చువ్వ దిగదు, పైన రెండు మూడు అంగుళాలు మాత్రమే తడిసి జిడ్డుగా ఉంటుంది. ఒక పిడికెడు మట్టి తీసి అరచేతిలో నొక్కి వదలండి. పొడిపొడిగా రాలితే టైరు తనంతట తానే శుభ్రపడుతుంది. పిండిముద్దలా అతుక్కుపోతే అదే మట్టి లగ్గుల మధ్య కూడా అతుక్కుంటుంది. అప్పుడు టైరు గుండ్రటి మట్టి డ్రమ్ములా మారి జారుతుంది. ఇలాంటి నేలకి లగ్గుల లోతు కన్నా వాటి మధ్య ఎడం ఎక్కువ ఉండటం ముఖ్యం.

భీమిలి వైపు తీరం దగ్గర ఇసుక నేలలున్నవాళ్లకి ఒక మాట. మీకు లోతు లగ్గులు అక్కర్లేదు. అవి ఇసుకని తవ్వి బండిని కిందకి దింపుతాయి. వెడల్పు టైరు, తక్కువ గాలి మీకు సరిపోతాయి.

2. ఇప్పుడున్న టైరు మీద రాసింది చదవండి

టైరు పక్కగోడ మీద 8.3-24 లాంటి అంకె ఉంటుంది. మొదటిది టైరు వెడల్పు, రెండోది రిమ్ము అడ్డకొలత, రెండూ అంగుళాల్లో. మధ్యలో అడ్డగీత ఉంటే మామూలు నైలాన్ టైరు. ఆ చోట ఇంగ్లీషు ఆర్ అక్షరం ఉంటే రేడియల్. మన దగ్గర చిన్న ట్రాక్టర్లకి వెనక 8.00-18, 8.3-20, 8.3-24, 9.5-24 లాంటివి ఎక్కువ కనిపిస్తాయి. తర్వాత 6పీఆర్, 8పీఆర్ అని ఉంటుంది. అది ఎంత బరువు మోయగలదో చెప్పే గుర్తు. అది పెరిగినంత మాత్రాన బురదలో పట్టు పెరగదు. పైగా పీఆర్ ఎక్కువైతే పక్కగోడ బిరుసుగా ఉండి తక్కువ గాలిలో సరిగ్గా పరుచుకోదు. తిరిగేది ఎక్కువగా లోడు ట్రాలీతో అయితేనే ఎక్కువ పీఆర్ తీసుకోండి.

ముందు టైర్లు, వెనక టైర్లు రెండింటివీ రాసుకోండి. వెనకవి మాత్రం రాసుకుని షాపుకి వెళ్లేవాళ్లే ఎక్కువ. ఫోర్ వీల్ డ్రైవ్ బండి ఉన్నవాళ్లకి ఆ పొరపాటు చాలా ఖరీదవుతుంది, అయిదో అంచెలో వివరంగా చెప్పాను.

3. లగ్ రకం ఎంచుకోండి

టైరు మీద ఏటవాలుగా లేచి ఉండే లావుపాటి రబ్బరు దిమ్మెలే లగ్గులు. కొన్ని షాపుల్లో బటన్ అంటారు. వాటి రకాన్ని బట్టి టైరు మీద ఒక కోడ్ ఉంటుంది. షాపులో ‘బురద టైరు ఇవ్వండి’ అని అడక్కుండా, ఈ కోడ్ చెప్పి అడగండి.

ఆర్-1: మామూలు వ్యవసాయ టైరు. కొత్త బండికి సాధారణంగా వచ్చేది ఇదే. చిన్న టైర్లలో లగ్ లోతు సుమారు అంగుళం ఉంటుంది. దుక్కి, రోటవేటర్, ట్రాలీ అన్నిటికీ సర్దుకుపోతుంది.

ఆర్-1డబ్ల్యూ: ఇదే రకం, లగ్ దాదాపు పాతిక శాతం ఎక్కువ లోతు. తడి నేలకోసం చేసింది. రోడ్డు, పొలం రెండూ సగం సగం ఉండేవాళ్లకి నేను మొదట చెప్పేది ఇదే. కాకపోతే చిన్న సైజుల్లో అన్ని కంపెనీలూ దీన్ని చెయ్యవు, ముందే వాకబు చెయ్యండి.

ఆర్-2: వరి, చెరకు పొలాల టైరు. లగ్ లోతు ఆర్-1కి దాదాపు రెండింతలు. పల్లంలో దీని పట్టు వేరే. కానీ తారురోడ్డు మీద తిప్పితే ఆ పొడుగు లగ్గులు వంగుతూ, ఊగుతూ, వేడెక్కి త్వరగా అరుగుతాయి. రోజూ ఊరికీ పొలానికీ మధ్య నాలుగు కిలోమీటర్లు తారు మీద వెళ్లేవాళ్లు దీనికి దూరంగా ఉండండి.

ఆర్-3: పచ్చిక టైరు. లాన్లు, పార్కుల కోసం చేసింది. లగ్గులు చాలా చిన్నవి. బురదలో నిమిషంలో నున్నగా అయిపోతుంది.

ఆర్-4: ఇండస్ట్రియల్ టైరు. లోడర్లు, జేసీబీ తరహా పనులకి. లగ్గులు లావుగా, దగ్గరగా, ఆర్-1 కన్నా లోతు తక్కువగా ఉంటాయి. చూడ్డానికి బలంగా కనపడుతుంది, విదేశీ వీడియోల్లో చిన్న ట్రాక్టర్లకి ఎక్కువగా ఉండేది ఇదే. అందుకే చాలామంది దీన్ని చూసి ముచ్చటపడతారు. గట్టినేల మీద, కంకర మీద ఎక్కువకాలం మన్నుతుంది. జిగట బురదలో మాత్రం లగ్గుల మధ్య మట్టి నిండిపోతుంది. వరి పొలం ఉన్నవాళ్లు తీసుకోవద్దు.

ఇక కేజ్ వీల్స్. ఏడాదిలో దమ్ము పని పది పదిహేను రోజులే ఉండి, మిగతా రోజులంతా మెట్ట పని, ట్రాలీ పని ఉంటే, కొత్త ఆర్-2 టైర్లు కొనేకన్నా ఉన్న ఆర్-1 టైర్లకి బయటివైపు బిగించే సగం వెడల్పు కేజ్ వీల్స్ కొనుక్కోండి. నా లెక్కలో మన జిల్లా రైతుల్లో ఎక్కువమందికి సరైన జవాబు ఇదే. అయితే వాటితో తారురోడ్డు ఎక్కకండి. రోడ్డు చెక్కుకుపోతుంది, జరిమానా పడుతుంది, మన ఊరి రోడ్డు మనమే పాడు చేసుకున్నట్టవుతుంది. పొలం గట్టు దగ్గరే బిగించి, అక్కడే విప్పి ట్రాలీలో వేసుకురండి.

4. వెడల్పు విషయంలో తొందరపడకండి

‘వెడల్పు టైరు వేస్తే దిగబడదు కదా’ అని అందరూ అనుకుంటారు. సగం నిజం. అడుగున గట్టి పొర లేని నేలలో, ఇసుకలో, వెడల్పు టైరు బరువుని పరిచి తేలుస్తుంది. అడుగున పొర ఉన్న వరి మడిలో మాత్రం సన్నటి టైరే బురదని కోసుకుంటూ వెళ్లి ఆ పొర మీద నిలబడుతుంది. అక్కడ వెడల్పు టైరు బురద మీద తెప్పలా తేలుతూ ఊరికే తిరుగుతుంది. మొదటి అంచెలో మీరు రాసుకున్న లోతులు ఇక్కడే పనికొస్తాయి.

చెరకు, కూరగాయల రైతులు సాళ్ల మధ్య ఎడం కూడా కొలవండి. ఒక సైజు వెడల్పు పెరిగితే రెండు పక్కలా మొక్క తొక్కుకుపోతుంది. ఉన్న రిమ్ముకి ఎంత వెడల్పు టైరు వరకు సరిపోతుందో కూడా మాన్యువల్ చూసే కొనండి. సన్నటి రిమ్ము మీద వెడల్పు టైరు ఎక్కిస్తే నడిమి భాగం ఉబ్బి, లగ్గుల అంచులు నేలని తాకవు.

5. ఫోర్ వీల్ డ్రైవ్ అయితే ఈ లెక్క తప్పదు

ఇది దాటేయకండి. ఫోర్ వీల్ డ్రైవ్ ట్రాక్టర్లలో ముందు చక్రాలు వెనక చక్రాల కన్నా కొంచెం వేగంగా, సుమారు 1 నుంచి 5 శాతం ఎక్కువ తిరిగేలా గేర్లు అమర్చి ఉంటాయి. ముందువి బండిని లాగాలి కాబట్టి. కంపెనీ ఇచ్చిన ముందు టైరు, వెనక టైరు కొలతలకి తగ్గట్టుగానే ఆ గేర్లు ఉంటాయి. మీరు వెనకవి మాత్రం ఒక సైజు పెంచితే లెక్క తలకిందులవుతుంది. ముందు చక్రాలు బండిని లాగడం మాని, బండికి బ్రేకులా అడ్డుపడతాయి. టైర్లు అరుగుతాయి, ఆపైన ముందు గేర్లు దెబ్బతింటాయి.

ఈ దెబ్బ నేను తిన్నాను. మా బండికి వెనకవి రెండు మార్చి, ముందువి ఇంకా బాగున్నాయి కదా అని ఉంచేశాను. టైర్లు అమ్మినతను అడగలేదు, నేనూ చెప్పలేదు. ఒక సీజన్ గడిచేసరికి ముందు ఇరుసులో చప్పుడు మొదలైంది. విప్పి చూస్తే గేర్ల పళ్లు చెక్కుకుపోయి ఉన్నాయి. ఆ రిపేరుకి పెట్టిన డబ్బుతో నాలుగు టైర్లూ వచ్చేవి.

లెక్క ఇలా చూసుకోండి. సిమెంటు నేల మీద టైరుకీ నేలకీ కలిపి సుద్దతో గీత పెట్టండి. చక్రం సరిగ్గా ఒక చుట్టు తిరిగేలా బండిని నడిపి, టైరు గీత మళ్లీ నేలని తాకినచోట ఇంకో గీత పెట్టి, మధ్య దూరం కొలవండి. ముందు టైరుకీ, వెనక టైరుకీ విడివిడిగా చెయ్యాలి. ఈ పని చేసేటప్పుడు ఫోర్ వీల్ తీసేసి ఉంచండి.

ఉదాహరణకి వెనకది 300 సెంటీమీటర్లు, ముందుది 190 వచ్చిందనుకోండి. కొత్త వెనక టైరు 315 తిరిగేదైతే, అంటే 5 శాతం పెద్దదైతే, ముందుది కూడా 5 శాతం పెరిగి 199 లేదా 200 ఉండాలి. ముందువి మార్చకపోతే, ఇదివరకు 3 శాతం ముందుండే చక్రాలు ఇప్పుడు 2 శాతం వెనకబడతాయి.

కొత్తవి వేశాక పొలంలో ఇంకోసారి సరిచూడండి. పొడి మట్టినేల మీద, ఫోర్ వీల్ తీసేసి, వెనక చక్రం 10 చుట్లు తిరిగేలోపు ముందు చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో ఒకర్ని పక్కన నడిచి లెక్కపెట్టమనండి. తర్వాత ఫోర్ వీల్ వేసి అదే చెయ్యండి. మొదటిసారి 15.8, రెండోసారి 16.2 వస్తే తేడా 0.4. దాన్ని 15.8తో భాగిస్తే సుమారు 2.5 శాతం, అంటే సరిగ్గా ఉన్నట్టే. రెండో అంకె మొదటిదానికన్నా తక్కువ వస్తే ఆ టైర్ల జతతో ఫోర్ వీల్ వేయకండి.

ఎప్పుడైనా సరే, తారురోడ్డు మీద, సిమెంటు మీద ఫోర్ వీల్ వేసి నడపొద్దు. అక్కడ చక్రాలు జారడానికి వీలుండదు, ఆ ఒత్తిడంతా గేర్ల మీదే పడుతుంది.

6. షాపులో చూసుకోవాల్సినవి

గాజువాక ఆటోనగర్ వైపు వెళ్తే రకరకాల టైర్లు ఒకేచోట దొరుకుతాయి. అనకాపల్లిలోనూ దొరుకుతాయి. యోకొహామా గ్రూపుకి చెందిన ఏటీసీ టైర్ల ఫ్యాక్టరీ 2022లో అచ్యుతాపురంలో మొదలైన దగ్గర్నుంచి, ‘ఫ్యాక్టరీ పక్కనే కదా, అక్కడే చవగ్గా కొనొచ్చా’ అని కూడా అడుగుతున్నారు. ఫ్యాక్టరీలు చిల్లరగా అమ్మవు, డీలరు దగ్గరికే వెళ్లాలి.

తయారీ తేదీ చూడండి. పక్కగోడ మీద చిన్న గడిలో నాలుగంకెలు ఉంటాయి. 2325 అంటే 2025లో 23వ వారం. రెండు మూడేళ్లు గోడౌన్లో పడున్న టైరుని కొత్తదాని ధరకి ఇస్తుంటే ఒప్పుకోకండి. లగ్గుల మొదట్లో, పక్కగోడ మడతలో సన్నటి పగుళ్లున్నాయేమో వేలితో తడిమి చూడండి.

స్కేలు పెట్టి లగ్ లోతు కొలవండి. ‘ఇది లోతు లగ్గేనండీ’ అని నోటితో చెప్పేదానికన్నా స్కేలు మీద కనిపించేది నమ్మండి. రెండు లగ్గుల మధ్య మీ అరచేయి అడ్డంగా పట్టేంత ఖాళీ ఉంటే జిగట నేలకి మంచిది.

ట్యూబు కూడా అప్పుడే కొత్తది తీసుకోండి. పాత ట్యూబు సాగి ఉంటుంది, కొత్త టైరులో మడతపడి అక్కడే చిరుగుతుంది. టైర్లో నీళ్లు నింపే ఆలోచన ఉంటే నీళ్ల వాల్వు ఉన్న ట్యూబు అడగండి. టీఆర్218ఏ అని దానికి పేరు.

రీట్రెడ్ టైర్ల (పాత టైరు మీద కొత్త రబ్బరు అతికించినవి) గురించి అడుగుతారు. మెట్ట పనికి, ట్రాలీకి అభ్యంతరం లేదు. దమ్ముకి మాత్రం వద్దనే చెబుతాను. తక్కువ గాలిలో పక్కగోడ బాగా వంగుతుంది, పాత గోడ ఆ వంపులు ఎక్కువకాలం తట్టుకోదు.

7. బిగించేటప్పుడు దిశ చూడండి

పక్కగోడ మీద బాణం గుర్తు ఉంటుంది. బండి ముందుకి వెళ్లేటప్పుడు చక్రం తిరిగే దిశ అది. బాణం అరిగిపోతే ఇలా గుర్తుపట్టండి. ట్రాక్టర్ వెనక నిలబడి చూస్తే లగ్గులు గుడిసె పైకప్పులా, కొన పైకి ఉండి కనపడాలి. ముందునుంచి చూస్తే కొన కిందకి ఉండాలి. ఇలా ఉంటేనే లగ్ నడిమి కొన ముందు నేలని తాకి, బురదని రెండు పక్కలకీ తోసేస్తుంది. తిరగేసి బిగిస్తే బురదని మధ్యలోకి పోగుచేసుకుంటుంది.

ఎడమ, కుడి రిమ్ములు తారుమారు చేస్తే దిశ కూడా మారిపోతుంది. సాళ్ల ఎడం కోసం రిమ్ము తిప్పేవాళ్లు ఇక్కడే పొరపాటు పడుతుంటారు. బిగించాక వెనక్కి నాలుగడుగులు వేసి ఒకసారి చూసుకోండి.

టైరుని రిమ్ములో కూర్చోబెట్టేటప్పుడు 35 పీఎస్ఐ దాటనివ్వకండి. అంచు కూర్చోకపోతే గాలి తీసేసి, సబ్బునీళ్లు రాసి మళ్లీ మొదలుపెట్టాలి తప్ప గాలి పెంచకూడదు. గాలి కొట్టేటప్పుడు చక్రానికి ఎదురుగా ఎవరూ నిలబడొద్దు, పిల్లల్ని అసలు దగ్గరికి రానివ్వద్దు. రిమ్ము అంచు ఎగిరితే ప్రాణం పోతుంది.

8. గాలి, బరువు

మాన్యువల్లో పొలానికి ఒక అంకె, రోడ్డుకి ఒక అంకె ఉంటాయి. చిన్న నైలాన్ టైర్లకి వెనక పొలంలో సాధారణంగా 12 నుంచి 16 పీఎస్ఐ మధ్య. మీ బండికి రాసిందే మీకు లెక్క. చాలా బండ్లు ఏడాది పొడవునా 25, 30 గాలితో తిరుగుతున్నాయి. పంక్చర్ షాపు కుర్రాడు కారుకి కొట్టినట్టే కొడతాడు, మనం చెప్పం. కొత్త టైర్లు కొనేముందు ఒక్కసారి గాలి సరిచేసి నడిపి చూడండి. కొందరికి టైర్లు మార్చే అవసరమే రాలేదు.

అలాగని మరీ తగ్గించొద్దు. గాలి తక్కువై, లోడు ఎక్కువైతే రిమ్ము తిరుగుతుంది గానీ టైరు జారి వెనకబడుతుంది, ట్యూబు వాల్వు మొదట్లో తెగిపోతుంది. దీన్ని కనిపెట్టడం తేలిక. రిమ్ము మీదనుంచి టైరు మీదకి ఒక సుద్దగీత గీయండి. ఒకపూట పని అయ్యాక ఆ గీత రెండు ముక్కలై పక్కకి జరిగి ఉంటే గాలి 2 పాయింట్లు పెంచండి.

బరువు విషయంలో చాలామంది తికమక పడతారు. గట్టినేలలో దుక్కికి బరువు కావాలి. అందుకే ట్యూబులో నీళ్లు నింపుతారు, చక్రాలకి ఇనుప బిళ్లలు బిగిస్తారు. 8.3-24 టైరులో ముప్పావు వంతు నింపితే సుమారు 60 లీటర్లు, అంటే ఒక్కో చక్రానికి 60 కిలోలు. చక్రం పైకెత్తి, వాల్వుని సరిగ్గా పైభాగంలో ఉంచి, వాల్వులోంచి నీళ్లు తిరిగి వచ్చేదాకా నింపితే అదే ముప్పావు. ఆ తర్వాత గాలి కొట్టాలి. ఉప్పునీళ్లు వాడకండి, వాల్వు తుప్పుపడుతుంది.

దమ్ముకి వెళ్లేముందు మాత్రం ఈ బరువంతా తీసెయ్యండి. బురదలో ప్రతి అదనపు కిలో బండిని కిందకే తోస్తుంది. ఎండాకాలం దుక్కికి నింపిన నీళ్లతోనే జూలైలో దమ్ముకి దిగి, ‘టైర్లు బాలేవు’ అని ఫోన్ చేసినవాళ్లు నాకు చాలామంది ఉన్నారు.

9. పని చేస్తున్నాయో లేదో చూడండి

దుక్కికి, రోటవేటర్‌కి జారుడు లెక్క చూడాలి. వెనక టైరు మీద సుద్దగుర్తు పెట్టి, నాగలి పైకెత్తి, అదే నేల మీద 10 చుట్లు నడిపి దూరం కొలవండి. 30 మీటర్లు వచ్చిందనుకోండి. ఇప్పుడు నాగలి దించి, పని చేస్తూ మళ్లీ 10 చుట్లు. 26 మీటర్లు వస్తే 4 మీటర్లు జారుడికి పోయింది, అంటే సుమారు 13 శాతం. 8 నుంచి 15 మధ్య ఉంటే బాగున్నట్టు. 20 దాటితే డీజిలు, రబ్బరు రెండూ మట్టిపాలే. 5 లోపు ఉంటే బండి మీద బరువు అనవసరంగా ఎక్కువుంది.

టేపు లేకపోతే టైరు అచ్చు చూడండి. లగ్గుల అచ్చు అంచుల దగ్గర స్పష్టంగా, మధ్యలో కొంచెం చెదిరి ఉండాలి. మొత్తం చెరిగిపోయి నున్నటి చాలులా ఉంటే బాగా జారుతోంది. అచ్చులో గుద్దినట్టు మొత్తం స్పష్టంగా ఉంటే బరువు ఎక్కువ.

దమ్ములో ఈ లెక్క పనికిరాదు, అక్కడ జారుడు ఎలాగూ ఎక్కువే. అక్కడ రెండే చూడండి. రెండు మూడు చుట్ల తర్వాత లగ్గుల మధ్య రబ్బరు కనపడుతోందా, మట్టి నిండిపోయిందా? చక్రం ఎంత లోతు దిగుతోంది, దిగాక అక్కడే నిలబడుతోందా, చుట్టు చుట్టుకీ ఇంకా కిందకి పోతోందా? మట్టి నిండితే లగ్గుల మధ్య ఎడం ఎక్కువున్న రకం కావాలి. కిందకి పోతూనే ఉంటే టైరు కాదు, కేజ్ వీల్స్ కావాలి.

మంచు టైర్ల సంగతి

మంచు పడేచోట సమస్య వేరు. అక్కడ నేల కింద గట్టిగానే ఉంటుంది, పైన జారుడు. తొక్కుడుపడ్డ మంచుని పట్టుకోవాలంటే రబ్బరుకి చిన్న చిన్న అంచులు చాలా కావాలి. అందుకే బురదలో ఎందుకూ పనికిరాని పచ్చిక టైరు, గట్టిపడిన మంచు మీద లోతు లగ్గుల టైరు కన్నా బాగా నడుస్తుంది. గడ్డకట్టిన ఐసు మీదైతే ఏ టైరూ చాలదు, ఇనుప గొలుసులు చుడతారు. టైర్లో నింపే నీళ్లు గడ్డకట్టకుండా కాల్షియం క్లోరైడ్ కలుపుతారు. లంబసింగిలో తెల్లవారుజామున గడ్డి మీద పేరుకునే మంచుకి ఇవేవీ అక్కర్లేదు, విశాఖ చుట్టుపక్కల అసలే అక్కర్లేదు. అమెరికా, కెనడాలో ఉన్న మన బంధువులు మంచు తోసుకోవడానికి చిన్న ట్రాక్టర్ కొంటే మాత్రం, పచ్చిక టైర్లు గానీ, ఆర్-4 మీద గొలుసులు గానీ చూసుకోమనండి.

బండి దిగబడితే

ఎంత మంచి టైరు వేసినా ఏదో ఒకరోజు దిగబడుతుంది. అప్పుడు చేసే తప్పు టైరు ఎంపికలో చేసే తప్పు కన్నా వెయ్యి రెట్లు ప్రమాదం, అందుకే ఇది చదవకుండా వదలొద్దు.

చక్రాలు ఊరికే తిరగడం మొదలవగానే యాక్సిలరేటర్ వదిలెయ్యండి. ఇంకా తొక్కితే గొయ్యి తవ్వుకోవడమే. నాగలి లేదా రోటవేటర్ పైకెత్తి, స్టీరింగ్ నిటారుగా పెట్టి, డిఫరెన్షియల్ లాక్ (వెనక చక్రాలు రెండూ కలిసి తిరిగేలా చేసేది) వేసి, చిన్న గేర్లో నెమ్మదిగా వెనక్కి రండి. వచ్చిన దారి అప్పటికే నొక్కుకుని ఉంటుంది కాబట్టి ముందుకన్నా వెనక్కి రావడం తేలిక. బయటపడి మలుపు తిప్పేముందు లాక్ తీసెయ్యండి.

వెనక చక్రాలకి దుంగ అడ్డంగా కట్టి ముందుకి లాగించడం చాలా ఊళ్లలో చూశాను. దయచేసి చెయ్యకండి. దుంగ నేలకి తగిలి చక్రం ఆగిపోతే ఇంజను బలమంతా బండి ముందు భాగాన్ని పైకి లేపుతుంది. ట్రాక్టర్ వెనక్కి తిరగబడడానికి ఒకటి రెండు సెకన్లు చాలు, క్లచ్ తొక్కే వ్యవధి ఉండదు.

ఇంకో ట్రాక్టర్‌తో లాగించేటప్పుడు, లాగే బండికి గొలుసుని వెనక కిందున్న లాగుడు కడ్డీకే, అంటే డ్రాబార్‌కే తగిలించండి. పైనున్న టాప్ లింక్‌కి గానీ, ఇరుసుకి గానీ కట్టొద్దు. గొలుసు బిగిసేటప్పుడు దాని పక్కన ఎవరూ ఉండకూడదు. మొదట చక్రాలకి అడ్డుగా ఉన్న బురద పారతో తీసి, కింద తాటిమట్టలు, కొబ్బరిమట్టలు పరిచి, ఆ తర్వాతే లాగమనండి. బండి బయటికి వచ్చాక చక్రాల నట్లు ఒకసారి బిగించి చూడండి. కొత్తగా వేసిన టైర్లయితే మొదటి పది గంటల పనిలో అవి వదులయ్యే అవకాశం ఎక్కువ.